ఢిల్లీ చేరేదాకా ఊడవని వాకిలి

మా ఇంట్లో ఎవరైనా ఊరికి బయల్దేరితే, వాళ్లు అక్కడ చేరేదాకా వాకిలి ఊడవరు. ఎంతసేపు ఆగాలో అమ్మకు తెలుసు. పామేడు నుంచి చర్లకు పోతే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా, భద్రాచలానికైతే గొడ్లు ఇంటికి తిరిగేదాకా. నా బిడ్డ విమానమెక్కిన రోజు మాత్రం ఆ లెక్క అమ్మకు అందలేదు.

నర్సు చదివిన బిడ్డకు ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం ఐదులోపు హాజరు కాకపోతే ఆ చోటు వెనక ఉన్నవాళ్లకు పోతుంది. ముందురోజే బయల్దేరి, భద్రాచలంలో రాత్రి బస్సెక్కి హైదరాబాద్ చేరింది. పదకొండుకు విమానం.

ఇప్పపూల కాలం. ఏరుకొచ్చిన పూలు రెండు గంపల్లో ఉన్నాయి. వాకిలి ఊడ్చి ఆరబోయకపోతే మగ్గిపోతాయి.

"ఎప్పుడు ఊడ్వాల్రా?" అంది అమ్మ.

బడి ఎనిమిదితో ఆగినా, చర్ల సంతకు పోయినప్పుడల్లా లైబ్రరీలో కూర్చుని చదివినవాణ్ణి నేను. అట్లాసు మీద దారం పెట్టి దూరం కొలవడం అక్కడే నేర్చుకున్నాను.

"హైదరాబాదు, ఢిల్లీ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నయమ్మా. నేరుగా ఉత్తరానికి పోతది. పన్నెండు వందల యాభై కిలోమీటర్లు, రెండుంపావు గంటలు. ఒంటిగంటన్నరకు ఊడ్చుకో."

"నడుమ నీళ్లకు యాడ ఆగుతది?"

"యాడా ఆగదు."

"ఆగకుండ పోయేదాన్ని ఎట్ల నమ్ముతవురా?"

ఒంటిగంటన్నరకు ఇంటి వెనక గుట్టెక్కాను. మాకు సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. బిడ్డ ఫోన్ బంద్ ఉంది. దిగాను. మళ్లీ ఎక్కాను. మూడోసారి దిగేసరికి అమ్మ చీపురు చేతికిచ్చింది.

"ఒంటిగంటన్నరకు ఊడ్చుకొమ్మన్నవు గదా. ఇగో, నువ్వే ఊడువు."

చీపురు పట్టుకుని నిలబడ్డాను. దుమ్ములో బిడ్డ బ్యాగు చక్రాల గీతలు గడప నుంచి దారి దాకా ఇంకా ఉన్నాయి. చీపురు గోడకు ఆనించాను.

"విమానం దిగితే చేరినట్టు కాదమ్మా. అక్కడి నుంచి ఆసుపత్రి ఎంత దూరమో అట్లాసుల లేదు."

"దారం అయిపోయిందా రా?" అని నవ్వింది.

ఐదు దాటింది. గుట్ట మీద కూర్చోలేక, కిందికి రాలేక అక్కడే తిరుగుతున్నాను. పొద్దుగూకే వేళకు ఫోన్ మోగింది.

"నాలుగున్నరకే సంతకం పెట్టిన నాయినా. విమానం దిగిన ఉరుకులాటల ఫోన్ తెరవలే, లోపలేమో బంద్ పెట్టిచ్చిండ్రు. నాయనమ్మ ఊడ్చిందా?"

పరుగున కిందికి వచ్చి చెప్పి, చీపురు అందుకున్నాను. అమ్మ నా చేయి పట్టుకుంది. అప్పటికే గడప దగ్గర దీపం వెలుగుతోంది.

"దీపం పెట్టినంక ఊడుస్తరా ఎవరన్న? పొద్దుగాల జూద్దాం."

గంపలోంచి గుప్పెడు పూలు తీసి వాసన చూసి, మొహం చిట్లించింది.

"మళ్ల వచ్చేటప్పుడు పూల కాలం గాకుండ చూసి రమ్మను."