నీ మాటేందమ్మా

గురజాల దగ్గర మా బోర్డు బడిలో ఒక పంతులుగారు ఉండేవారు. ఏ చిన్న పనికైనా మమ్మల్ని ఒక్కొక్కరినీ "నీ మాటేంది?" అని అడిగేవారు. జవాబు వచ్చేదాకా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వంగి నిలబడేవారు. మా ఇళ్లల్లో పిల్లల్ని అలా అడిగినవాళ్లు లేరు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, క్లాసు లీడరుని మమ్మల్నే ఎన్నుకోమన్నారు. పోటీకి నిలబడ్డ ఇద్దరి పేరునా తలుపు చాటున చెరో ముంత పెట్టి, తలా ఒక చింతగింజ ఇచ్చి, ఎవరూ చూడకుండా వేయమన్నారు. మాలపల్లె నుంచి వచ్చే సున్నపుబట్టీ కూలీ కూతురు గెలిచింది. మా బడిలో మంచినీళ్లు పోసేది లీడరే.

మర్నాడు మా నాన్న నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఆ పిల్ల చేతి నీళ్లు మా పిల్లలు తాగాల్నా, పంతులూ?"

"పిల్లల్నే అడుగుదాం" అని పంతులుగారు నా ముందుకొచ్చి వంగారు. చెయ్యి చెవి దగ్గరే ఉంది. "నీ మాటేందమ్మా?"

నాన్న నా వంకే చూస్తున్నాడు. నేను తల దించుకున్నాను. పంతులుగారు చాలాసేపు అలాగే వంగి ఉన్నారు.

ఆ వారంలోనే ఆయన్ని బదిలీ చేయించారు. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు.

ఆమె ముంతలో పడిన గింజల్లో నాదీ ఒకటి. ఆ ఒక్క మాట ఆయన చెవిన వేయలేకపోయాను.