ఏడు దగ్గర ఆగిన వేలు

ఏడు అంకె చూస్తే నాకిప్పటికీ గుండె జారిపోతుంది. దాన్ని నాకు ఇష్టమయ్యేలా నేర్పింది, పెనుగొలను నుంచి తిరువూరు బడికి షేర్ ఆటోలో వచ్చే మా సైన్సు మాస్టారు. పీహెచ్ స్కేలును ఆయన బోర్డు మీద వేసేవారు కాదు. చూపుడువేలితో గాలిలో అడ్డంగా గీసేవారు.

"ఇటు నిమ్మరసం, ఆమ్లం. అటు సబ్బునీళ్ళు, క్షారం. మధ్యలో ఏడు, మంచినీళ్ళు. ఏడు దగ్గరుంటే ఏ భయమూ లేదు" అంటూ వేలు అక్కడే ఆపేవారు.

మొన్న వేసవిలో ఆయన ఆసుపత్రి వరండాలో కనిపించారు. భార్యకు కిడ్నీలు పాడయ్యాయట. పక్కన కూర్చున్నాను. ఇంతలో డాక్టరు బయటికొచ్చి, "రక్తంలో పీహెచ్ ఏడు చూపిస్తోందండీ" అని తల దించుకున్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏడేగా సార్! మధ్యలోనే ఉంది" అన్నాను.

ఆయన వేలు అలవాటుగా లేచింది. గాలిలో ఏడు దాటి, సబ్బునీళ్ళ వైపు కొద్దిగా జరిగి ఆగింది.

"నెత్తురు ఉండాల్సింది ఇక్కడమ్మా."

వేలు మళ్ళీ ఏడు దగ్గరికి వెనక్కొచ్చింది.

"ఏడంటే నీళ్ళు. నెత్తురు ఇక్కడిదాకా దిగితే ఇక మనిషి దక్కడం కష్టం."

క్లాసులో లాగే, వేలు అక్కడే ఆపేశారు.