లచ్చవ్వ విన్న కూత

ముప్పై ఏండ్ల సంది ఒక సప్పుడు నా నెత్తి మీద కూసున్నది. నేను వినని సప్పుడు. వినలేదని ఎవ్వరికి చెప్పని సప్పుడు. నా పేరు అడగకుండ్రి, చెప్ప. ఈడ సోలాపూర్ల, భవాని పేట్ల, నన్ను ఎరిగినోళ్లు ఇంక మస్తుమంది ఉన్నరు. మీకు నా మొఖం ఎరుకలేదు. అందుకే మీకు చెప్తున్న.

పదిహేనేండ్లకే పవర్‌లూమ్ కార్ఖానల పడ్డ. సాంచెలు, అదే కరెంటు మగ్గాలు, నడిస్తే పక్కోడు మొత్తుకున్నా వినరాదు. అందుకే మావోళ్లు గొంతు లేకుండ, ఒట్టి పెదవులతోని మాట్లాడుకుంటరు. ఈ మూలకు నిలబడి ఆ మూలకున్నోని పెదవులు చూసి వాని ఇంట్ల ఏం కూర వండిన్రో చెప్తం. అది మాకు చదువు లెక్క.

నాకు పాటలంటే పిచ్చి. తువ్వాళ్లు నేసిన చేతులతోనే యాంప్లిఫయర్లు ఇప్పి చూసెటోన్ని. పేట్ల ఎవరు పాటల సెట్టు కొన్నా నన్నే తోలుకపోయెటోళ్లు. వాని చెవి ఏక్‌దమ్ పక్కా అనెటోళ్లు. ఆ మాట చెవుల పడితే నాకు కల్లు తాగినట్టే ఉండె.

చెవి ఒక్కరోజు పోలే. ముందుగాల సైకిల్ గంట పోయింది. తర్వాత పిచ్చుకలు పోయినయి. రికార్డుల షహనాయి వినొచ్చేది గాని, దాని మీది సన్నటి కొస వినొచ్చేది కాదు. సాంచెల కాడ పనిచేసెటోళ్లకు ఎక్కువమందికి గంతే, అండ్ల సిగ్గేముంది? నాకుండె. చెవి తప్ప నాకు వేరే ఏముండె? రూపం లేదు, చదువు లేదు, పది మందిల నిలబెట్టే మాట లేదు. ఆ ఒక్కటి సుత పోయిందని నా నోటితోని నేనే ఎట్ల చెప్పాలె?

రాజేశం నా దోస్తు. నాతోని ఒకే సాలుల సాంచెలు నడిపిండు. మంచి సెట్టు ఇంట్ల పెట్టుకోవాలని ఎన్నేండ్ల సందో వాని ఆశ. ఎనభైల ఆఖరున ఆ యోగం పట్టింది. అశోక్ చౌక్ దిక్కు పాత విలాయతి సెట్లు అమ్మే దుకాణం ఒకటుండె, ఆడికి పోయినం. యాంప్లిఫయర్ ఒకటి నచ్చింది. దానికి స్పీకర్లు రెండు జోడీలు చూపెట్టిండు, ఒకటి చిన్నయి, ఒకటి నా రొమ్ము ఎత్తు. పెద్దయి ఈ యాంప్లిఫయర్‌కు బరువైతయి, గుంజలేదు, వేడెక్కి ఖరాబైతదని దుకాణపాయన మరాఠీల చెప్పిండు. చిన్నయే తీసుకోమన్నడు.

చిన్నయి పెడితే నాకు సగం పాట మాయమైంది. పెద్దయి పెడితే నేల అదిరింది. గుండెల పడ్డది. నేను కాళ్లతోని విన్న. ఇవే బరాబర్ అన్న. నేనన్నంక రాజేశం ఇగ అడుగుతడా? సంబురంగ చెయ్యిబండి మీద ఇంటికి తెచ్చిండు.

రాజేశం తల్లి లచ్చవ్వ. వయసుల ఉన్నప్పుడు నాలుగేండ్లు కార్ఖానల కండెలు చుట్టింది. దమ్ము లేసి ఆ పని ఇడిసిపెట్టి ఇంట్ల బీడీలకు కూసున్నది. అందుకే ఆమె చెవులు బతికినయి. కొడుకు, కోడలు కార్ఖానకు పోతే, దినమంత ఆ సెట్టు పక్కన చాట ఒళ్లె పెట్టుకొని కూసుండేది ఆమెనే. వారం దినాలకు నన్ను పిలిపించింది. పెట్టెల ఏందో పురుగు కూసినట్టు సన్నగ కూస్తుందట. పాట బందైనంక సుత కూస్తుందట. తనకు మంచిగనిపిస్తలేదన్నది.

నేను చెవి ఆనిచ్చిన. ఏం లేదు. రాజేశం సుత ఆనిచ్చిండు, వానికి సుత ఏం లేదు. వాడు ఏ సాంచెల నడుమ చెవులు పోగొట్టుకున్నడో నేను ఎరుగనా? తర్వాత యాంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టిన. చురుక్కుమన్నది. దుకాణపాయన మాట అప్పుడే యాదికొచ్చింది. వాకిట్ల ఆడుకునే ఏ పోరినన్న పిలిచి వినుమంటే అయిపోయేది. పిలువలే. మంచి యాంప్లిఫయర్ వేడెక్కుతదన్న. కూత పెట్టెల లేదు, నీ ముసలి చెవులల్ల ఉన్నదన్న. అందరు నవ్విన్రు. ఆమె నవ్వలే. వంగి ఆకు కత్తిరించుకున్నది.

మూడు వారాలు గడిచినయి. ఒకనాడు మిట్టమధ్యాన్నం కార్ఖానకు కబురొచ్చింది. ఉరికినం. ఇల్లంత నల్లటి పొగ. సెట్టు అంటుకుంటే ఆమె ఒక్కతే రెండు చేతులతోని మంట మీద కొట్టింది. చేతికందింది తీసి కప్పింది. అది తునికాకు నాననిచ్చే తడి గోనెబట్ట. మంట ఆరింది. చేతులు మణికట్ల దాంక కాలినయి.

వచ్చినోళ్లకు అందరికి అగుపడ్డది ఆ తడి గోనెనే. ముసల్ది తడిబట్ట కరెంటు పెట్టె మీద పెట్టిందన్నరు. నేను ఆ పెట్టె ఇప్పి చూసిన. స్పీకర్లను గుంజే భాగమే ముందుగాల మాడి బొగ్గైంది. నా చెవి తెచ్చిన మంట అది. రాజేశం పది మంది ముందల ఎట్ల కాలిందన్నా అని అడిగిండు. నీళ్లు దిగినయన్న. ఎంత సులువుగ అన్ననో ఇప్పటికి నాకు సమజ్ కాదు.

తెల్లారి దవాఖానకు పోయిన. చేతులకు పట్టీలు చుట్టిన్రు. లచ్చవ్వ కొడుకుతోని చిన్నగ మాట్లాడుతుంది. నన్ను చూసి మాట ఆపింది. నా దిక్కు తిరిగి, గొంతు లేకుండ, కార్ఖానల తీరుగ ఒట్టి పెదవులతోని అడిగింది.

"కొడుకా, నిజం చెప్పు. అది కూసిందా, లేదా?"

నేను సుత పెదవులతోనే అన్న. "లేదవ్వా."

"అయితే నేనే కాలవెట్టిన్నా?"

"ఔ."

రాజేశం కిటికి దిక్కు చూస్తుండె. మేమేం మాట్లాడుకున్నమో వానికి తెల్వదు. ఆమె కండ్లు మూసుకున్నది.

కొడుకు, కోడలు ఆమెను ఒక్క మాట అనలే. అనకపోవుడే ఆమెకు ఎక్కువైంది. వేళ్లు ముడుచుకపోయినయి, మళ్ల బీడీ చుట్టలే. అంతకంటె పాపం ఇంకోటి. తన చెవుల మీద తనకు నమ్మకం పోయింది. వాకిట్ల ఎవరన్న పిలిస్తే లేవకపోయేది. నిజంగ పిలిచిన్రా అని పక్కోళ్లను అడిగేది. మతి తప్పిందన్నరు పేట్ల. గట్లనే ఆరేండ్లు బతికి పోయింది. పాడె మోసినోళ్లల్ల నేను సుత ఉన్న.

కొడుకు వినొద్దనే గొంతు లేకుండ అడిగిందని ఎన్నో ఏండ్లు అనుకున్న. ఇప్పుడు నా చెవులు పూరా పోయినయి. మా ఇంట్లోళ్లు నాతోని ఏం చెప్పాలన్నా మొఖం ముందలికొచ్చి పెదవులు కదుపుతరు. అట్ల కదిపినప్పుడే ఒకనాడు నాకు తట్టింది. దవాఖానల సాంచెలు లేకుండె. ఆమె గొంతు బాగనే ఉండె. నా దిక్కు తిరిగినంకనే గొంతు ఆపింది. నాకు వినరాదని ఆమెకు ఎరుకైంది. పది మందిల నా ఇజ్జత్ పోకుండ, నాకు తెలిసిన తీరుగనే అడిగింది. కాలిన చేతులతోని సుత నన్ను కాపాడుకుంట అడిగింది. నేను ఔనన్న.

మాఫీ ఎవరిని అడగాలె? ఇచ్చెటామె లేదు. రాజేశం ఉన్నడు, పొద్దుగాల చాయ తాగంగ కలుస్తడు. వానికి చెప్పే ధైర్యం ఇంక రాలే. మీకు చెప్పిన. ఇంత గొంతుతోని చెప్పుడు ఇదే మొదలు, ఎంత గట్టిగ అన్ననో నాకే వినరాదు.

లచ్చవ్వా, అది కూసింది. నాకే వినరాలే.