చూసినంతే చెప్పిన చాచా

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున బోథ్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, చాచా పోయిండు" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు, ఏడుపే వినిపించింది. అదే రోజు మధ్యాహ్నం ఆదిలాబాద్ నుంచి వకీలు ఫోన్. పాపం, ఆయనా మంచివాడే. పరామర్శగా రెండు మాటలు చెప్పి మెల్లగా అసలు సంగతికి వచ్చాడు. "మీ తమ్మునికి పూచీగ జమానత్ ఉన్న మనిషి పోతే ఇంకో మనిషిని పెట్టాలెనమ్మా. కోర్టుల వచ్చే పేషీ లోపట చూసుకోండ్రి, లేకుంటే పిలగాన్ని మళ్ల లోపటికి పంపుతరు." మనిషి పోయిన దుఃఖం, ఆ మనిషి పోతే మనకేమవుతుందోనన్న భయం ఒకే రోజు ఇంట్లోకి వస్తే ముందు దేనికి ఏడవాలో తెలియదు. నేను రెండూ కలిపే ఏడ్చాను. కరీంనగర్‌లో నేను పనిచేసే ల్యాబులో ఆ రోజు రక్తం తీయించుకున్నవాళ్లే నన్ను ఓదార్చారు.

చాచా మాకు చుట్టం కాదు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ, అంతే చుట్టరికం. బజారులో పరుపులు, రజాయిలు కుట్టే దుకాణం ఆయనది. కనుబొమ్మల మీద ఎప్పుడూ దూది నూగు ఉండేది. ఇంటికి రాగానే చాచీ కొంగుతో దులిపేది, ఆయన కళ్లు మూసుకుని చిన్నపిల్లాడిలా నిలబడేవారు. మా బాపు బతికున్నప్పుడు ఇద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి పత్తి గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. బాపు పోయాక కూడా చాచా సాయంత్రం అదే చోట నిలబడి "బేటీ, చదువు నడుస్తుందా?" అని నన్ను అడిగేవారు.

ఆయనకు ఇంకో పని ఉండేది. దానికి జీతం లేదు, పేరూ లేదు. నెలవంక చూడటం. నెలాఖరు సాయంత్రం మసీదు మిద్దె ఎక్కి పడమర దిక్కు చూసేవారు. ఆయన "చూసిన" అంటే ఆదిలాబాద్‌కు ఫోన్ వెళ్లేది. "చూడలే" అంటే పండగ మర్నాటికి జరిగేది. ఆకలితో ఉన్న పిల్లలు, దర్జీ కొట్టు ముందు క్యూ కట్టిన జనం, సేమ్యాలు కొనిపెట్టుకున్న ఇల్లాళ్లు అందరూ ఆ ఒక్క మాట కోసం కాచుకునేవారు. నా చిన్నప్పుడు ఒకసారి నేను మా డాబా మీద నుంచి "చాచా, చంద్రుడు! నేను చూసిన!" అని అరిచాను. ఆయన గోడ దగ్గరికి వచ్చి, కొమ్ములు ఏ దిక్కుకు ఉన్నాయి అని అడిగారు. నేను మళ్లీ తలెత్తి వెతికాను. "చూసినవా బేటీ, చూడాల్నని ఉండెనా?" అన్నారు. తిట్టలేదు. నవ్వారు కూడా. కానీ ఆ ప్రశ్న నాకు ఈ వయసు వచ్చినా గుచ్చుకుంటూనే ఉంది. మనం చూశామని ప్రమాణం చేసే వాటిలో సగం, చూడాలని ఉండి చూసినవే కదా.

ఇక తమ్ముడి కేసుకు మూలమైన ఆ రాయి సంగతి, కొన్నేళ్ల కిందటిది. ఆ రోజు మధ్యాహ్నానికే అందరి ఫోన్లలో ఒకటే వార్త. ఎడ్లబండి అంత గ్రహశకలం ఒకటి భూమి మీదికి వస్తోందని, కొద్ది గంటల ముందే దూరదేశంలో ఎవరో దుర్భిణిలో చూశారని, సాయంత్రం మహారాష్ట్ర సరిహద్దుకు ఇవతల, మా వైపే రాలుతుందని. భయపడాల్సిందేమీ లేదు, గాలిలోనే కాలిపోతుంది అని కూడా రాశారు. ఆ ముక్క ఎవరు చదువుతారు? ఊరంతా మిద్దెలెక్కింది. చాచా కూడా మసీదు మిద్దె మీదే ఉన్నారు, కాకపోతే ఆ రోజు నెలవంక చూసే రోజు. "మీరందరు రాయి కోసం ఎక్కిండ్రు, నేను చంద్రుని కోసం ఎక్కిన" అని తర్వాత అనేవారు.

పొద్దు గూకిన కాసేపటికి ఆకాశం తెల్లగా వెలిగిపోయిందట. ఆడవాళ్లు పిల్లల్ని కడుపులో దాచుకున్నారు, మగవాళ్లు మెట్ల మీద పడుతూ లేస్తూ దిగారు. చాచా ఒక్కరే అది వచ్చిన దారీ ఆరిపోయిన చోటూ చివరిదాకా చూశారు. కాసేపటికి ఉరుములాంటి మోత వచ్చి కిటికీలు అదిరాయి. ఆ మోత తగ్గిందో లేదో ఊరి బయట మంట లేచింది. మా పక్క చేను రైతు కొట్టంలో కుప్ప పోసిన పత్తి, ఆ ఏటి కష్టమంతా, నిలువునా కాలిపోయింది.

మింటి నుంచి నిప్పు పడ్డదని ఊరు ఊరంతా అంది. ఆ రైతూ మొదట అదే అన్నాడు. కానీ అంతకు వారం ముందే గట్టు దగ్గర ఆయనకూ మా తమ్ముడికీ పెద్ద తగాదా అయింది. "నీ పంట ఎట్ల ఇంటికి జేరుతదో చూస్త" అని మా వాడు నలుగురిలో నోరు జారాడు. నోటి దూల అంటే ఇదే. పోలీసులు వచ్చి, రాళ్ల కోసం హైదరాబాద్ నుంచి శాస్త్రవేత్తలు వస్తున్నారు, వాళ్లేం చెబుతారో చూద్దాం అని ఆగారు. నేను రాత్రికి రాత్రే కరీంనగర్ నుంచి బయలుదేరి వచ్చాను. నేరం ఆకాశం మీద వేస్తే తమ్ముడు బయటపడతాడు. మాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

మర్నాడు సాయంత్రం అవ్వ, మా అమ్మ, గోడ దగ్గరికి వెళ్లింది. నేను వెనకే నిలబడ్డాను.

"అన్నా, రేపు వాళ్లు నిన్నే అడుగుతరట. ఆ నిప్పు కొట్టం మీద పడంగ చూసిన అని ఒక్క మాట అను. ఎవరికి నష్టం? మింటికి జైలు లేదు గద."

చాచా గోడ దగ్గరికి జరిగారు. "చెల్లె, అది పైననే ఆరిపోయింది. కిందికి రాంగ నేను చూడలే."

"చూసిన అంటే ఏం బోతది?"

"చూడనిది చూసిన అంటే, రేపు నేను చంద్రుని గురించి ఏం జెప్పినా ఏం జేసుకుంటరు?" అన్నారు. అవ్వ వెనక్కి తిరిగి వచ్చేసింది. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ముగ్గురు, ఒక పెద్ద సారు, ఇద్దరు విద్యార్థులు. ప్రతి ఊళ్లో జనాన్ని వాళ్లు నిలబడ్డ చోటే మళ్లీ నిలబెట్టి, ఎటు చూశారు, ఎక్కడ ఆరింది అని అడిగి కొలిచారు. మా ఊరివాళ్లు "గా పక్క ఊర్ల పడ్డది" అన్నారు. పక్క ఊరికి పోతే వాళ్లు దాని పక్క ఊరిని చూపించారు. అలా అడుగుతూ పోతే ఆ రాయి ఢిల్లీ దాకా పోయేదేమో. చాచా మసీదు మిద్దె మీద తాను నిలబడ్డ చోట నిలబడి, సెల్ టవర్ కొనకు పైన ఒక చోటును పిడికిలితో చూపించారు. "ఇక్కడిదాక చూసిన సార్. దీని తర్వాత నాకేం కనబడలే." పెద్ద సారు అదే కావాలన్నారు. వెలుగు చాలా పైనే ఆరిపోతుందట. ఆ తర్వాత రాయి చీకట్లో, గాలికి కొట్టుకుంటూ, చల్లబడుతూ పడుతుందట. చాచా మాట, ఇంకో రెండు ఊళ్ల మాటలు, పత్తి జిన్నింగు మిల్లు కెమెరాలో పడ్డ వెలుగు అన్నీ కలిపి లెక్కగట్టి, వాగు అవతలి శనగ చేల వైపు గీత గీశారు.

రేగడి నేల, నల్ల రాళ్లు. అందులో ఇంకో నల్ల రాయిని వెతకాలి. పత్తి ఏరే ఆడవాళ్లు, విద్యార్థులు, ఊరి పిల్లలు వరసగా నిలబడి నడిచారు. చాచా కూడా మోకాళ్ల నొప్పులతో ఆ వరసలో నడిచారు. నాకు కోపం వచ్చింది. తమ్ముడి మెడకు ఉరి పేనడానికి ఈయనకు ఇంత తొందరేమిటి అనుకున్నాను. కానీ దగ్గరికి పోయి చూస్తే ఆయన ముఖంలో సంతోషం లేదు. దొరికిన ప్రతి నల్ల రాయినీ సారుకు చూపించేవారు, సారు తల అడ్డంగా ఊపేవారు. ఆయన ఏరినవన్నీ మామూలు రాళ్లే. చివరికి ఒక పత్తి కూలీ అమ్మాయికి దొరికింది. పిడికెడంత, పైన మసి పట్టిన గిన్నెలా నల్లగా, విరిగిన చోట సిమెంటు రంగు. దాని కింద శనగ మొక్క నలిగింది కానీ ఒక్క ఆకూ కాలలేదు. నేను సారును పక్కకు పిలిచి, ఇంకో ముక్క ఏదైనా పత్తి మీద పడి అంటుకుని ఉంటుందా అని అడిగాను. ఆయన నా ముఖం చూసి జాలిపడ్డారు. "లేదమ్మా. ఇవి మంట పెట్టవు" అన్నారు.

ఆ వారంలోనే తమ్ముడిని తీసుకుపోయారు. మేం చాచాతో మాటలు బంద్ చేశాం. గోడ మీదుగా కూర గిన్నె రావడం ఆగింది. చాచీ పలకరిస్తే అవ్వ తల తిప్పుకునేది. దూది తడిగా కుప్ప పోస్తే తనంత తనే వేడెక్కుతుందని, తన దుకాణంలో ఒకసారి అట్లా పొగ వచ్చిందని చాచా స్టేషన్‌కు వెళ్లి చెప్పారని ఎవరో అన్నారు. ఆ కుప్ప తడిగా ఉందా అని ఎస్సై అడిగితే "నేను చూడలే సార్" అన్నారట. వినగానే నేను తల బాదుకున్నాను.

బెయిలు వచ్చింది కానీ జమానత్‌కు మనిషి లేడు. మా భూమి ఇంకా బాపు పేరు మీదే ఉంది. నాకు అప్పటికి ఏ ఆస్తీ లేదు. చుట్టాలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క రోగం వచ్చింది. పేషీ రోజు కోర్టు వరండాలో అవ్వా నేనూ దిక్కులు చూస్తుంటే, చాచా ఇంటి కాగితాలు గుడ్డలో చుట్టుకుని బస్సు దిగి వచ్చారు.

"చూడలే అన్నవు గదన్నా, మరి గిదేంది?" అంది అవ్వ. అంటూనే ఏడ్చింది.

"సాక్ష్యం, గవాహీ, నా కండ్లది చెల్లె, అండ్ల నా ఇష్టం నడువది. జమానత్ నా దిల్‌ది. అది నా ఇష్టం."

లోపల జడ్జి గారు, ఈ అబ్బాయి చేయలేదని మీకు తెలుసా అని అడిగారు. మా వకీలు కళ్లు మూసుకున్నాడు. చాచా టోపీ సర్దుకున్నారు. "ఏం జరిగిందో తెల్వది సార్. పిలగాడు తెలుసు" అన్నారు. జడ్జి గారు తల ఎత్తి ఆయన్ని చూసి, కాగితాలు తీసుకోమన్నారు.

ఆ తర్వాత ప్రతి పేషీకీ తమ్ముడితో పాటు వెళ్లేవారు. పూచీ ఉన్నవాళ్లు ప్రతిసారీ రానక్కర్లేదని వకీలు చెప్పినా వినలేదు. జొన్న రొట్టె, పచ్చి పులుసు, రెండు ఉల్లిగడ్డలు కట్టుకుని, వరండాలో కూర్చుని వాడికి సగం పెట్టి తాను సగం తినేవారు. "ఫికర్ జెయ్యకు, ఉన్న కదా" అనేవారు. కేసు ఎప్పుడు తెగుతుందో తెలియదు. ఆయన మాత్రం ముందే తెగిపోయారు. రెండు రోజుల జ్వరం, అంతే. జనాజాను మా తమ్ముడు కబరస్తాన్ దాకా భుజం మార్చకుండా మోశాడట.

ఆయన ఆనాడు ఆ ఒక్క అబద్ధం చెప్పి ఉంటే తమ్ముడు స్టేషన్ మెట్లు ఎక్కేవాడు కాదేమో. ఈ మాట నేను ఇంకా అనుకుంటాను, దాచడం ఎందుకు. కానీ ఆయన అబద్ధం చెప్పగలిగే మనిషే అయితే, కోర్టులో "పిలగాడు తెలుసు" అన్న మాటకు జడ్జి గారు తల ఎత్తి చూసేవారా అని కూడా అనుకుంటాను. ఈ రెండింటి మధ్యా నాకు తీర్పు దొరకలేదు.

ఇంకొకటి ఉంది. రాయి పడ్డ ఆ సాయంత్రం ఎక్కడున్నావురా అని పోలీసులు అడిగితే, చేను కాడ మోటరు పెట్టి నీళ్లు పారిస్తున్న అన్నాడు మా వాడు. ఆ సాయంత్రం చేలకు కరెంటు లేదని అవ్వ నాకు ఫోన్‌లో చెప్పింది. ఇంతవరకూ నేను ఈ మాట ఎవరితోనూ అనలేదు.

నిన్న పేషీ. కరీంనగర్‌లో కిందటేడు నా పేరు మీద రాయించుకున్న రెండు గదుల ఇంటి కాగితం పట్టుకుని నేనే వెళ్లాను. మా ఆయన వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. కోర్టులో, మీకు ఏమవుతాడు అని అడిగారు, తమ్ముడు అన్నాను, సంతకం చేశాను. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

తిరుగు బస్సులో తమ్ముడూ నేనూ పక్కపక్కన కూర్చున్నాం. బస్సు ఇచ్చోడ దాటింది. అప్పుడు వాడే అన్నాడు.

"చాచా ఒక్కపారి గూడ అడుగలే అక్కా. నిప్పు నువ్వు పెట్టినవా అని."

"నేను గూడ అడుగలే గదరా."

వాడు నా వైపు చూశాడు. జైలుకు పోయిన రోజు కూడా వాడి ముఖం అలా లేదు.

"నువ్వు పొద్దటి సంది అడుగుతనే ఉన్నవక్కా. నోటితోని కాదు, గంతే."

అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బయట చేలల్లో పత్తి తెల్లగా పగిలి ఉంది. వాడి వైపు చూడలేక, ఆ పత్తినీ చూడలేక, నేను ముందు సీటు వెనక ఇనుప కడ్డీని పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను.