చినిగిన హాలీ నోటు

నా చిన్నప్పుడు, సికింద్రాబాదు రాంగోపాల్‌పేటలో, మా నాయనమ్మ కంటి ఆపరేషన్ కోసం దాచుకున్న నోట్లు ఒక్క ఉదయంలో చేజారిపోయాయి. ఆ సంగతి రాసేముందు చూసినదాన్నీ విన్నదాన్నీ వేరు చేయాలి. నిజాం ప్రభుత్వానికి సొంత డబ్బు ఉండేదన్నది నిశ్చయం. దాన్ని హాలీ అనేవాళ్లం. కంటోన్మెంటులో చెల్లే ఇండియా రూపాయి కల్దారు. మా పేటలో కొట్టువాడు ధర చెప్పకముందే హాలీనా, కల్దారా అని అడిగేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై నిజాం ప్రభుత్వం కాగితపు నోట్లు మొదలుపెట్టిందని పెద్దయ్యాక చదివి రూఢి చేసుకున్నాను. రెండో యుద్ధంలో మా నాయనమ్మ తన వెండి రూపాయలిచ్చి నోట్లు తెచ్చుకుందన్నది మాత్రం ఇంట్లో విన్న మాటే.

1948లో ఇండియా సైన్యం వచ్చి నిజాం పాలనను దించిన పోలీసు చర్య ముగిసిన వారంలో హాలీ నోట్లు ఇక చెల్లవన్న వదంతి పేటంతా పాకింది. ఎవరు పుట్టించారో నాకు తెలియదు. అది అబద్ధమని మాత్రం తెలుసు. ఆ నోట్లు తరువాత కూడా కొన్నేళ్లు చెల్లాయి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాయనమ్మ రెండు కళ్లకూ శుక్లాలు కమ్ముకొస్తున్నాయి. ఆమెకు చదివి పెట్టే పని నాది. ఆ ఉదయం ఆమె తమ్ముడు వచ్చాడు. బట్టల దుకాణంలో గుమాస్తా. మా వాళ్లలో రోజూ పేపరు చదివేది ఆయనొక్కడే కాబట్టి ఆయన మాటకు తిరుగులేదు.

"అక్కా, నిజాం పని ఖతమైంది. గీ కాగితాలు ఇగ పొయ్యిల ఏసుడే. నీ తక్లీఫ్ సూడలేక నా జేబులకెళ్లి సగం పైసలు కల్దార్ ఇస్తున్న."

"నీ మనసు గింత మెత్తగ ఎప్పుడైందిరా తమ్మీ?" అని ఆమె నవ్వింది. నవ్వుతూనే నోట్ల మూట విప్పింది.

ఆయన ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. మూల చినిగిన ఒక రూపాయి నోటును పక్కకు నెట్టి, "ఇది ఒద్దక్కా, చినిగింది" అన్నాడు. నాయనమ్మ ఆ నోటును చేతిలోకి తీసుకుంది. చినిగిన అంచును రెండుసార్లు తడిమింది. తమ్ముడి వైపు ముఖం తిప్పి ఏదో అనబోయి ఆగింది. ఇదంతా నేను కళ్లారా చూసింది.

మరునాడు, పనికిరాదని నా చేతికొచ్చిన ఆ నోటుతో నేను పడవ చేస్తుంటే పక్కింటి టీచరమ్మ చూసింది. గుంటూరు వైపు నుంచి వచ్చి బడిలో పాఠాలు చెప్పే క్రైస్తవురాలు. సంగతి విని, "చెల్లదని ఎవరైనా ఇచ్చి చూశారా? పద, చూసొద్దాం" అంది. వీధి చివరి కొట్లో పావుసేరు బెల్లం అడిగి నోటిచ్చింది. కొట్టువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "చినిగింది గద టీచరమ్మా, ఒక అణా తక్కువిస్త" అన్నాడు. మిగతా చిల్లర లెక్కగా చేతిలో పెట్టాడు.

పొయ్యిలో వేయాల్సిన కాగితానికి చిరుగుతో పనేముందన్న ప్రశ్న నాకు ఇంటికి వచ్చే దారిలోనే తట్టింది. నా మొదటి తర్కం అదే. దాన్ని సొంత తోడబుట్టినవాడి మీద ప్రయోగించవలసిన ముసలామెకు నేనే వెళ్లి చెప్పాను.

నాయనమ్మ బెల్లం ముక్క నా నోట్లో పెట్టి, "ఊకో బిడ్డా. మీ నాయనకు చెప్పకు, కొట్లాడుకుంటరు" అంది.

ఆ సగం డబ్బు ఆపరేషన్‌కు చాలలేదు. తిండిగింజలకు కరిగిపోయింది. చనిపోయేనాటికి ఆమె నన్ను గొంతును బట్టే గుర్తుపట్టేది. తమ్ముడు పండగ పండగకూ వచ్చేవాడు. ఆమె తడుముకుంటూ ఆయనకు చాయ్ పోసేది. నేను మాత్రం ఆ గదిలో ఉండేదాన్ని కాదు.

జీవితమంతా ప్రయోగశాలలో గడిపాను. పావుసేరు బెల్లంతో తేలిపోయే అబద్ధాన్ని ఒక పేట పేటంతా నమ్మిందన్న చేదు నన్నెన్నడూ వదల్లేదు. జాలిపడి తీసుకుంటున్నానని ఎవరైనా అంటే, వాళ్లు ఏది వద్దంటున్నారో ముందు చూస్తాను.

తేలనిది ఒక్కటే. చినిగిన అంచు తడిమినప్పుడే నాయనమ్మకు అర్థమైందా? అర్థమయ్యే, కళ్లను వదులుకుని తమ్ముణ్ణి నిలుపుకుందా? ఆమె బతికున్నన్నాళ్లూ అడగలేదు. ఔనంటుందేమోనని భయపడ్డాను.