ఒట్టి ఊయల

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆయనకి చెప్పలేదు. కన్నకూతురికి చెప్పలేదు. దేవుడికైనా చెప్పుకుందామని గుడికి వెళ్లినప్పుడల్లా గోత్రం చెప్పి, పిల్లల పేర్లు చెప్పి, కొబ్బరిచెక్క తీసుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను.

మా ఇంట్లో ఒక ఊయల కూలింది. దాన్ని బిగించింది నేను. మాట పడింది వేరే మనిషి. ఆ మనిషి నా తోటికోడలు, మా మరిది భార్య. పేరు ఈశ్వరి అనుకోండి. అసలు పేరు రాయను. ఆ పేరు ఇప్పటికే చాలామంది నోళ్లలో నలిగింది.

మా అత్తవారిది ఆమదాలవలస దగ్గర పల్లె. వరి పండించుకునే కుటుంబం. వాళ్లకి ఒక టేకు ఊయల ఉంది. అది ఏ ఒక్కరిదీ కాదు. చుట్టాల్లో ఎవరింట్లో పురుడొస్తే వాళ్లింటికి వెళుతుంది. బిడ్డ పాకడం మొదలుపెట్టి ఊయలతో పని తీరిపోగానే ఆ రోజే విప్పేయాలి. ఒట్టి ఊయల ఇంట్లో నిలబడి ఉండకూడదని, దాన్ని ఊపడం అసలే కూడదని వాళ్లకి గట్టి పట్టింపు. అందుకే అది ఎప్పుడూ ముక్కలుగానే ఊళ్లు తిరుగుతుంది, పాత నేతచీరలో మూటగా. ఎక్కడికి వెళితే అక్కడివాళ్లు బిగించుకోవాలి. ఎలా బిగించాలో ఎక్కడా రాసి ఉండదు. ఒకసారి చూసినవాళ్లకి తెలుసు, చూడనివాళ్లు అడిగి తెలుసుకోవాలి.

మా ఆడపడుచు తొలి పురుటికి పుట్టింటికి వచ్చినప్పుడు ఆ ఊయల సాలూరులో ఉంది, మా అత్తగారి అక్క ఇంట్లో. ఆవిడని అందరం పెద్దత్త అంటాం. వాళ్లబ్బాయి లారీ తోలుతాడు. ఇటువైపు సరుకు వేసుకొస్తూ మూట దింపేసి వెళ్లాడు. మా ఇంటికొచ్చినప్పుడు దాన్ని బిగించడం ఎప్పుడూ పెద్దత్త పనే, నేను దగ్గరుండి చూసింది లేదు. ఈసారి ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రాలేనంది. పక్కవీధిలో వడ్రంగి ఉన్నాడు, పిలుద్దామన్నారు మా అత్తగారు. ఈ మాత్రం దానికి వడ్రంగి ఎందుకు, నేను బిగిస్తానన్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు రానిది లేదని నాకొక నమ్మకం. బీరువా గడియ ఊడినా, గ్రైండరు తిరగకపోయినా నేనే విప్పి చూసేదాన్ని. మా ఆయన నన్ను మేస్త్రమ్మ అని ఆటపట్టించేవాడు. పైకి విసుక్కునేదాన్ని గానీ ఆ పేరంటే నాకు లోపల ఎంత మురిపెమో! ఈశ్వరికి అలాంటి పేరేదీ లేదు. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదన్న పేరు ఒక్కటే ఉంది. నేను ఇద్దరు బిడ్డల తల్లిని, పెద్దకోడలిని, మేస్త్రమ్మని. ఆ తేడా నాకు బాగుండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఫోను చేసి పెద్దత్తని అడిగాను. ఆవిడ చెప్పినది ఇంతే. పొడుగు కర్ర పైకెల్తాది, పొట్టిది కిందకెల్తాది, మిగిల్నవి సూస్తే నీకే తెలస్తాది, ఏటుంది అందులో, అంది. నిజమే, ఏముంది అనుకున్నాను.

బారసాల పొద్దున్నే మూట విప్పి నడవలో పరిచాను. రెండు పక్క చట్రాలు, వాటిని కలిపే కర్రలు, తొట్టి పలకలు, ఇనప కొక్కేలు. చీర చెంగున ముడి వేసి రెండు కొయ్య చీలలు. పై కర్ర కొసలు రెండూ చట్రాల్లోంచి బయటికి వస్తాయి. ఒక్కో కొసకి ఒక్కో కన్నం ఉంటుంది. అందులో చీల దిగ్గొడితే చట్రం పక్కకి జరగదు. తొట్టీ, అందులో బిడ్డా చివరికి ఆ రెండు చీలల మీదే ఆధారపడి ఉంటారు. ఇప్పుడు ఇంత వివరంగా చెబుతున్నాను కదా, ఆవేళ నాకు తెలిసింది కన్నం ఉంది, చీల ఉంది అన్నంతవరకే.

ఒక చీల ఇట్టే దిగింది. కాస్త వదులనిపించింది, పోనీలే అనుకున్నాను. రెండోది దిగలేదు. పచ్చడిబండతో కొట్టాను. సగం దిగి మొరాయించింది. అప్పటికే చుట్టాలు ఆటోలు దిగుతున్నారు. ఇంకా అవలేదా అని లోపల్నుంచి మా అత్తగారు అడుగుతూనే ఉన్నారు. వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి ఆ చీలని చెక్కాను, అరటికాయ చెక్కు తీసినట్టు. ఈసారి దిగింది. బండ అక్కర్లేకుండా చేత్తో నొక్కితేనే దిగిపోయింది.

అది మంచిది కాదని నాకు అప్పుడే తెలుసా? తెలుసనే అనుకుంటాను. తెలియకపోతే ఊపి చూడాలని ఎందుకు అనిపిస్తుంది?

ఈశ్వరి బంతిపూల దండలు పట్టుకుని వచ్చింది. ఊయలకి అటుపక్క తెరలా చీర కట్టి ఉంది. నేను ఆ చీర వెనక మోకాళ్ల మీద కూర్చుని చీల వైపు చూస్తున్నాను. ఒకసారి ఊపమన్నాను.

"ఒట్టి ఊయల ఊపకూడదు గదక్కా," అంది.

"ఇప్పుడెవులు సూస్తన్నారు? సీల కదుల్తాదో నేదో నాను సూడాల. ఊపు."

"నాకు బయ్యంగుందక్కా."

"నానున్నాను గదే. నాను సెప్తన్నాను, ఊపు."

ఊపింది. మెల్లగా, వేళ్ల కొసలతో. చీల కదిలింది. నేను చూశాను. ఒక గుడ్డపీలిక దూర్చి, అది కనపడకుండా దాని మీద బంతిపూల దండ చుట్టేశాను. బాగుందా అక్కా అని అడిగింది. బాగుందన్నాను.

మధ్యాహ్నం పంక్తిలో పులిహోర వడ్డిస్తుంటే తట్టింది. ఒకటి వదులుగా ఉండి, ఒకటి బిగుసుకుందంటే అవి అటుదిటు ఇటుదటు పడ్డాయన్నమాట. ఒక చీల లావు, ఒకటి సన్నం. మార్చి పెడితే సరిపోయేది. చిన్నపిల్లకి కూడా తోచే సంగతి. కానీ లావుచీలని అప్పటికే చెక్కేశాను, ఇక అది ఏ కన్నానికీ చాలదు. వడ్రంగిని పిలిచి కొత్తది చేయించాలి. పిలిస్తే అందరికీ తెలుస్తుంది. మేస్త్రమ్మ పనితనం ఇదా అని చుట్టాల ముందు మా ఆయన నవ్వుతాడు. అంతే. నేను భయపడింది తిట్లకి కాదు, దెబ్బలకి కాదు, ఒక నవ్వుకి.

కొన్నాళ్లు బాగానే ఊగింది. రోజూ పొద్దున్న లేవగానే వెళ్లి చీల చూసేదాన్ని. కాస్త బయటికి వస్తే లోపలికి నొక్కేదాన్ని. ఒకరోజు చూడలేదు. ఎందుకు చూడలేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు. అంత పెద్ద సంగతి జరిగితే, దానికి కారణమే గుర్తులేకపోవడం ఏమిటి?

ఆ రోజే మా ఆడపడుచు ఊయల పక్కన కూర్చుని ఊపుతుండగా చట్రం పక్కకి ఒరిగింది. పై కర్ర జారి తొట్టి ఒకవైపు నేలకి దిగిపోయింది. బిడ్డ దొర్లి గచ్చు మీద పడ్డాడు. ఆ ఏడుపు నేను పెరట్లోంచి విన్నాను. శ్రీకాకుళం తీసుకెళితే భుజం దగ్గర ఎముక విరిగిందన్నారు. అంత చిన్న ఒంటికి కట్టు కట్టి పంపించారు. పసిఎముక కదా, అతుక్కుంది. ఇప్పుడు వాడు బండి మీద కాలేజీకి వెళుతున్నాడు. ఏ లోటూ లేదు. బిడ్డ విషయంలో దేవుడు నన్ను కాపాడాడు. ఈశ్వరి విషయంలో కాపాడలేదు, కాపాడవలసింది నేను కాబట్టి.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం అందరం నడవలో ఉన్నాం. ఊయల ఇంకా ఒరిగే ఉంది. మా అత్తగారు గోడకి చేరగిలబడి చెప్పారు.

"బారసాల పొద్దున్న ఈశ్వరి ఒట్టి ఊయల ఊపినాది. నా కల్లతో నాను సూసినాను. గొడ్డుసెయ్యి తగిల్తే ఇంకేటవుద్ది."

ఆవిడ గుమ్మంలోంచి చూశారన్నమాట. చీర వెనక ఉన్న నేను కనపడలేదు. ఈశ్వరి ఒక్కత్తే కనపడింది.

ఈశ్వరి నా వైపు చూసింది. అక్క ఊపమంది అని తనే అనవచ్చు కదా, అనలేదు. నేనే చెబుతానని ఆగింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం లేదు. మంచినీళ్లు అడిగి గ్లాసు కోసం చూసే మనిషిలా తాపీగా చూసింది. నేను వంగి చాప మడతపెట్టడం మొదలుపెట్టాను. చాప మడత పూర్తయ్యేసరికి ఆమె తల దించుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇంతటితో ఆగినా బాగుండేది. నేను ఆగలేదు. ఊయల విప్పేటప్పుడు కత్తిపీట గాట్లున్న ఆ చీల నా చేతికొచ్చింది. చెంగులో దాచి పెరట్లోకి తీసుకెళ్లి నీళ్లపొయ్యిలో పెట్టేశాను. పాత టేకు కదా, బాగా మండింది. ఆ వేన్నీళ్లతోనే బిడ్డకి ఒళ్లు తుడిచారు. చీల ఎక్కడో పడిపోయిందని చెప్పి, అప్పుడు వడ్రంగిని పిలిపించి కొత్తది చేయించాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఈశ్వరికి పిల్లలు కలగలేదు. ఆ ఊయల మాట చుట్టాలందరికీ పాకింది. శ్రీమంతాలకి పిలిచేవాళ్లు గానీ గాజులు తొడగమనేవాళ్లు కాదు. బారసాలకి వస్తే వంటింట్లో పని చెప్పేవాళ్లు. కొన్నాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ఆమె సరాసరి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఎవరైనా బిడ్డని అందించబోతే చేతులు తడిగా ఉన్నాయనేది. ఆ చేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి. నేను పక్కనే ఉండి చూసేదాన్ని. ఒక్కోసారి మంచి చీర కొనిచ్చేదాన్ని. ఒంట్లో బాగోకపోతే దగ్గరుండి చూసేదాన్ని. అక్క నాకు తల్లి లెక్క అని ఆమె అందరితో చెప్పేది. ఆ మాట వింటూ నేను అన్నం ఎలా తిన్నాను?

మొన్న మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఊయల మళ్లీ వచ్చింది. అదే నేతచీర, అవే ముక్కలు. పెద్దత్త ఇప్పుడు లేదు, మా అత్తగారూ లేరు. ఈసారి వడ్రంగి వచ్చి బిగించి వెళ్లాడు. బారసాలకి ముందురోజు ఈశ్వరి వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, రెండు చేతులూ చీరచెంగులో చుట్టుకుని, అక్కణ్నుంచే పాపని చూసి నవ్వింది. దూరం నుంచి ఎంత బాగా చూడటం నేర్చుకుందో! ఇక దాచలేకపోయాను.

పెరట్లోకి తీసుకెళ్లి చెప్పాను. లావుచీల, సన్నచీల, కత్తిపీట, బంతిపూలు, నీళ్లపొయ్యి, అన్నీ. తప్పు నాది, నీ చేతిది కాదన్నాను. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు.

"ఊరుకో అక్కా. నా బాద పోవాలని నువ్వలా కల్పించి సెప్తన్నావు. నాకు తెల్దేటి," అంది.

కల్పించలేదన్నాను. ఊపమన్నది నేనే, అది నీకు గుర్తుంది కదా అన్నాను.

"నువ్వు ఊపమన్నా నాను ఊపకండా ఉండాల. నా సెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు గదా. నువ్వు మంచిదానివక్కా."

మెత్తగా నా భుజం నిమిరి వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది.

నేను అబద్ధమాడినంతకాలం అందరూ నమ్మారు. నిజం చెప్పిన రోజున అది నా మంచితనం కింద జమపడింది. నమ్మించడానికి ఒక్క చీలముక్క ఉండేది. దాన్ని నేనే కాల్చేశాను. ఇంకో నలుగురి ముందు చెప్పినా తోటికోడలి మీద ప్రేమ అంటారు, మా ఆయనైతే కళ్లు తుడుచుకుంటాడు కూడా. అలాగని చెప్పకుండా ఉంటానా? మళ్లీ చెబుతాను, చుట్టాలందరి ముందూ చెబుతాను. నమ్మరని తెలిసే చెబుతాను.

మీరు నన్ను ఎరగరు. నా మంచితనం గురించి మీకెవరూ చెప్పలేదు. అందుకే మీరు నమ్ముతారనుకుంటున్నాను. క్షమించమని అడగడం లేదు, అది మీరిచ్చేది కాదు. ఇది రాశాక కొంచెం ఊపిరాడుతోంది, అంతే. ఈశ్వరి చెయ్యి మంచి చెయ్యి. ఆవేళ ఆ చెయ్యి భయపడుతూ భయపడుతూ ఊయల మీద పడింది. ఊపమన్నది నేను.