జాకీకి పట్టిన ఘాటు

కిరసనాయిలు వాసన తగిలితే ఇప్పటికీ నా కన్ను మండినట్టే ఉంటుంది.

మా ట్రాక్టరు జాకీని ఎవరో అడక్కుండా వాడి, తిరిగి పెట్టేశారు. తిప్పితే కిర్రుమంటోంది. నాన్న దాని మర మీది గ్రీజు తుడుస్తూ గట్టిగా తుమ్మి, "ఇది మీ బాబాయి పనే" అన్నాడు, వంటింట్లో అమ్మకి వినపడేలా. నాకూ బాబాయి మీదే అనుమానం.

కిరసనాయిలు గుడ్డతో మర కడుగుతూ కన్ను నులుముకున్నాను. భగ్గుమంది. గ్రీజు నిండా మిరపకాయల దుమ్ము! బాబాయి వేసేది పత్తి. మిరప వేసేది మామయ్య. నాన్నకీ ఆయనకీ మాటల్లేవు.

అమ్మ నా కంట్లో నీళ్లు కొడుతూ, "నేనే ఇచ్చానే. నాన్నకి చెప్పకు" అంది గుసగుసగా.

చెప్పలేదు. నాన్నకి తెలియదనే అనుకున్నాను. ఆయన ఎందుకు తుమ్మాడో ఈమధ్యే తట్టింది.